ఒక్క సెట్ ఆడతాను

సెమీఫైనల్లో పొట్టి ఆట మధ్యలోనే బంతిని వదిలేసి, ఎవరి ముఖమూ చూడకుండా కోర్టు దాటి వెళ్ళిపోయింది కదా, అక్కడ ఆగాం మనం. ఆ ఆటలో జట్టు ఎలాగో గట్టెక్కింది. పొట్టి మాత్రం గట్టెక్కలేదు. "ఒత్తిడికి చేతులెత్తేసిన లిఫ్టర్" అని తెల్లారేసరికి పేపర్లు రాసేశాయి. పేపర్ల సంగతి అలా ఉంచండి. రేడియోలో ఆట చెబుతున్న సొంత అక్కే, ఊరంతా చెవులప్పగించి వింటున్న వేళ, "లాభం లేదండీ, ఈ అమ్మాయికి గుండె చాలలేదు!" అనేసింది.

ఆ అక్కని రేడియో స్టేషన్లో కంచు అంటారు. మైకు చెడిపోయినా ఆవిడ చెప్పేది పక్క వీధిదాకా వినిపిస్తుందని తోటివాళ్ళ వెటకారం. చెల్లెల్ని వాలీబాల్ జట్టంతా పొట్టి అంటుంది. తలుపు దాటాలంటే తల వంచాల్సిన ఆ అమ్మాయిల మధ్య ఇంకో పేరు పెట్టే వీలు లేదు మరి. స్మాష్ కొట్టేవాళ్ళ కోసం వేళ్ళ కొసలతో బంతిని పైకి లేపి, కావలసిన చోట కావలసినంత ఎత్తున నిలబెట్టే లిఫ్టర్ ఆమె.

ఇద్దరికీ లూపస్. ఒంటిని కాపలా కాయాల్సిన బలగమే దారి తప్పి ఒంటి మీద పడే జబ్బు. అక్కకి అది కిడ్నీల మీద పడింది. చెల్లికి కీళ్ళ మీదా చర్మం మీదా పడి, అక్కడితో ఆగింది. "పెద్దమ్మాయిది తీవ్రం, చిన్నమ్మాయిది స్వల్పం" అని అప్పట్లో డాక్టరమ్మ అన్న మాటని ఇంట్లోవాళ్ళు పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ళు మళ్ళీ వదల్లేదు.

ఇక ఫైనల్ జరిగే మధ్యాహ్నానికి వద్దాం.

ఇండోర్ స్టేడియంలో పైవరస వెనకాల, చెక్కలు కొట్టి కట్టిన అగ్గిపెట్టెంత గది. ముందు ఒక అద్దం, అద్దం ముందు ఒక బల్ల, బల్ల మీద రెండు మైకులు. కింద జనం అప్పుడే నిండిపోతున్నారు. ఇనప మెట్ల మీద కాళ్ళతో దరువు వేస్తుంటే బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు తనంతట తనే పక్కకి జరుగుతోంది.

కంచు చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి లేచింది.

"ఇంకా ఆట మొదలవకుండానే ఎక్కడికమ్మా?" అన్నాడు పక్క మైకు దగ్గర కూర్చున్న బాబాయ్. ఆయన సొంత బాబాయేం కాదు, స్టేడియం మొత్తానికి బాబాయే. జీవితమంతా అంపైరుగా ఈల ఊది ఊది ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. అందుకే కంచుకి ఎప్పుడూ తన ఎడమ పక్కనే కుర్చీ వేయిస్తాడు.

"మా మహారాణి డ్రెస్సింగ్ రూమ్ వదిలి బయటికి రావట్లేదట బాబాయ్. చెవి మెలేసి కోర్టులో పడేసి వస్తాను."

"ఏమన్నావ్?"

"అదే, పలకరించి వస్తానన్నాను."

మెట్లు దిగుతుంటే కంచుకి ఒంట్లో హుషారు పొంగుతోంది. ఫైనల్ అంటే ఆమెకి పెళ్ళివారిల్లే. పొద్దుటినుంచి రెండుసార్లు గొంతు సవరించుకుని, అద్దం ముందు నిలబడి చేతులూపుతూ మాటలు వల్లె వేసుకుంది. చెల్లెలికి చెప్పాల్సిన మాటలు కూడా సిద్ధంగానే ఉన్నాయి. కాస్త ధైర్యం నూరిపోస్తే చాలు, పిల్ల లేచి నిలబడుతుంది.

డ్రెస్సింగ్ రూమ్‌లో నొప్పి మందు వాసన, రబ్బరు వాసన కలిసి ముక్కు పుటాలు అదరగొట్టాయి. జట్టంతా వార్మప్‌కి వెళ్ళిపోయింది. ఇనప అల్మరాల వరస చివర, ఒక బెంచీ మీద, పొట్టి ఒక్కతే కూర్చుని ఉంది. జెర్సీ వేసుకుంది. బూట్ల లేసులు మాత్రం కట్టుకోలేదు. ముందు ఒక బకెట్టు, బకెట్టులోంచి ఆవిర్లు, ఆ ఆవిర్లలో మణికట్ల దాకా మునిగిన రెండు చేతులు.

"ఫైనల్ పెట్టుకుని ఇక్కడ చేతులు ఉడకబెట్టుకుంటున్నావేంటే?" అంది కంచు.

పొట్టి తలెత్తలేదు. "మైకు లేకుండా కూడా మాట్లాడతావా అక్కా నువ్వు?"

"ఏంటే ఆ వెటకారం?"

"గుండె చాలనిదాన్ని. వెటకారమైనా మిగలనీ."

కంచుకి ఆ దెబ్బ సూటిగానే తగిలింది. అయినా తమాయించుకుని పక్కన కూర్చుంది. "సరే, అన్నాను. ఆట ఊపులో నోటికొచ్చింది, అనేశాను. కానీ నువ్వు చేసింది మాత్రం ఏం బాగుందే? అంతమంది చూస్తుండగా అలా వెళ్ళిపోతారా? నన్ను చూడు. జబ్బుని కిడ్నీల్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఒక్క రోజు పని మానానా? ఒక్కసారైనా ముఖం వేలాడేశానా? ధైర్యమే మందు. లే!"

పొట్టి నీళ్ళలోంచి చేతులు తీసింది. తుడుచుకోలేదు. వేళ్ళ కణుపులు ఎర్రగా ఉబ్బి, రెండు చేతులూ ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి.

"మానలేదు. ఎందుకు మానలేదో చెప్పు."

"చెప్పాగా. ధైర్యం."

"ధైర్యం సంగతి తర్వాత. నీకు నొప్పి ఎక్కడ పుట్టింది?"

"ఏంటీ?"

"నొప్పక్కా, నొప్పి. ఇన్నాళ్ళలో నీకు ఎక్కడ నొప్పి పుట్టిందో నాకు ఒక్క చోటు చెప్పు."

కంచు జవాబు చెప్పబోయింది. మాటకి తడుముకోవడం ఆమె ఎరగదు, ఆరు బంతులు ఒకేసారి గాల్లో ఉన్నా వరసపెట్టి చెప్పగలదు. కానీ ఇప్పుడు వెతుక్కుంటే ఏమీ దొరకలేదు. ఉద్యోగం కోసం చేయించుకున్న మామూలు పరీక్షలో జబ్బు బయటపడింది. ఆ రోజు కూడా ఆమె కడుపునిండా తిని, పాట పాడుకుంటూ ఆస్పత్రికి వెళ్ళింది. ఆ తర్వాత కొన్నాళ్ళు స్టెరాయిడ్ మందులకి ముఖం గుండ్రంగా ఉబ్బి, నిద్రపట్టక నరకం చూసింది. నిజమే. ఆ మోతాదు తగ్గాక? తిన్నది, పడుకుంది, నవ్వింది, అరిచింది. రక్తపరీక్ష చేసిన ప్రతిసారీ డాక్టరమ్మ ముఖం చిట్లించేది గానీ, కంచు ఒళ్ళు మాత్రం ఎప్పుడూ మూలగలేదు.

"కొంచెం నీరసం..." అంది చివరికి.

"నా సంగతి చెప్పనా?" పొట్టి గొంతు పెరగలేదు. అందుకే కంచుకి భయం వేసింది. "పొద్దున లేచేసరికి ఈ వేళ్ళు నా మాట వినవు. టూత్‌పేస్ట్ మూత అమ్మ తీస్తుంది. ఇంత వయసొచ్చాక జడ అమ్మ వేస్తుంది. పది దాటితే గానీ పిడికిలి పూర్తిగా మూతపడదు. ఒకరోజు ఆడితే రెండు రోజులు మంచం మీద ఉంటాను, దాన్ని మన ఇంట్లో బద్ధకం అంటారు. ఎండ తగిలితే ఈ జబ్బు రేగుతుందని, ఫ్రెండ్సు ఎక్కడికైనా పోదామంటే రానంటాను, దాన్ని పొగరంటారు. బస్సులో కూలబడిపోయేలా ఉన్నా ఎవరూ లేచి సీటివ్వరు. ఎందుకిస్తారు? ముఖం చూస్తే నిగనిగలాడుతూ ఉంటాను."

"ఇంతుందని నాకు తెలీదే..."

"రోజూ సాయంత్రం నువ్వు స్టేషన్ నుంచి రాగానే నీకు ఆపిల్ కోసిచ్చేది ఎవరు?"

కంచు చూపు ఆ వాచిన వేళ్ళ మీదికి వెళ్ళింది.

"నేను. అక్కకి బాగాలేదు, కోసివ్వవే అంటుంది అమ్మ. కత్తి పట్టుకోలేక రెండు చేతులతో నొక్కి కోస్తాను. నువ్వు ఆ ముక్కలు తింటూ, చూశావా, ఇంత జబ్బున్నా నేనెలా ఉన్నానో అంటావు. నీది పెద్ద జబ్బక్కా. కాదనను. అది ముదిరితే ప్రాణం మీదికొస్తుంది, నాది రాకపోవచ్చు. కానీ రోజు గడవడం సంగతికొస్తే, నీ రోజు నీ చేతిలోనే ఉంది. నా రోజు దాని చేతిలో ఉంది."

గోడ అవతల జనం హోరెత్తారు. ప్రత్యర్థి జట్టు కోర్టులోకి వచ్చినట్టుంది.

"మరి సెమీఫైనల్లో?" అంది కంచు, చిన్నగా.

"బంతి చేతుల్లోకి దిగింది. వేళ్ళు తెరుచుకోలేదు. ఇంకొక్క బంతి నా దగ్గరికొస్తే జట్టు మునిగిపోతుందని వెళ్ళిపోయాను. అక్కడే నిలబడి ఏడవడం కంటే అదే నయమనిపించింది. ఆ సంగతి కోచ్‌తో చెబుదామనుకున్నా. 'మీ అక్కని చూసి నేర్చుకోవే' అంటుంది. మీరంతా కలిసి ఆ ఒక్క మాట లోకానికి నేర్పిపెట్టారుగా!"

అంతదాకా చెప్పి పొట్టి ఆగింది. ఆమె చూపు అక్క పాదాల మీద పడింది. ముఖం మారింది.

"చెప్పులు విప్పు."

"ఎందుకు?"

"విప్పమన్నానా!"

కంచు విప్పింది. చెప్పు పట్టీలు ఉన్న చోట పాదం మీద లోతుగా గాట్లు పడి ఉన్నాయి. పొట్టి కిందికి వంగి, వాచిన బొటనవేలితోనే అక్క చీలమండ పైన నొక్కింది. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉండిపోయింది.

"ఈ నీరు ఎప్పటినుంచి?"

"అబ్బ, మ్యాచుల సీజను కదే. నిలబడి నిలబడి..."

"నువ్వు కూర్చుని కదా చెప్పేది!"

కంచుకి నవ్వొచ్చింది. పొట్టికి రాలేదు. "పరీక్షకి ఎప్పుడు వెళ్ళావు?"

"సీజన్ అయ్యాక వెళ్దామని ఆగాను. నొప్పేమీ లేదుగా..."

అనేసి, ఆ మాట తన చెవిన తానే విని, కంచు చటుక్కున ఆగింది. నొప్పేమీ లేదు. తన ధైర్యమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. నొప్పి లేదు కాబట్టి నవ్వింది. నొప్పి లేదు కాబట్టే పరీక్ష ఎగ్గొట్టింది. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నది ఆమె ఒంటికి ఏమీ తెలియకపోవడాన్నే.

"నాది నన్ను పొడిచి పొడిచి లేపుతుంది. అందుకే నేను మందు మర్చిపోను, డాక్టర్ని మర్చిపోను," అంది పొట్టి. "నీది కిడ్నీల్లో చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోతోంది. ఆట అవ్వగానే డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను. రేపు పొద్దున్నే నువ్వు నాతో వస్తున్నావు."

"వస్తానే తల్లీ, వస్తాను."

"రేడియోలో చెప్పినట్టు కాదు. నిజంగా."

"నిజంగా." కంచు కిందికి జారి, చెల్లెలి ముందు నేల మీద కూర్చుని, ఆమె బూట్ల లేసులు ఒక్కొక్కటే లాగి కట్టడం మొదలుపెట్టింది. ఎంత బిగించాలో అడిగి మరీ కట్టింది. రెండో బూటు దగ్గర కళ్ళు మసకబారితే భుజంతో తుడుచుకుంది.

అప్పుడే తలుపు దఢాలున తెరుచుకుంది. ముందు కోచ్, వెనకాల తల వంచుకుని తలుపు దాటుతూ జట్టు కెప్టెన్ వచ్చారు. కెప్టెన్‌ని అందరూ పొడుగు అంటారు. పొడుగు, పొట్టి చిన్నప్పటి నుంచీ జంట.

"ఏంటీ కుటుంబ సమావేశం?" అంది కోచ్. "ఆడతావా, ఆడవా? కొత్త పిల్లని దించుతున్నా. నువ్వు బెంచీ మీదైనా కూర్చుంటావా, ఇంటికి పోతావా?"

పొట్టి లేచి నిలబడింది. నిలబడినా కోచ్ భుజం దాకానే వచ్చింది.

"మేడమ్, నాకు లూపస్ ఉంది."

"మీ అక్కకి కదా?"

"ఇద్దరికీ ఉంది. నాది స్వల్పం అంటారు. ఆ స్వల్పానికి నా వేళ్ళు బిగుసుకుపోతాయి. రెండు మూడు సెట్లు దాటితే ఒంట్లో ఉన్న బలమంతా ఎవరో తోడేసినట్టు అయిపోతుంది. డాక్టరమ్మ ఆడొద్దనలేదు, ఒళ్ళు ఎంతవరకు అంటే అంతవరకే ఆడమంది. నేనే ఇన్నాళ్ళూ దాచి ఆడాను. ఇక దాచను. ఈ రోజు నేను ఒక్క సెట్ ఆడతాను మేడమ్. అయిదూ ఆడలేను. ఆ ఒక్కటీ ఏదో నేనే చెప్తాను."

కోచ్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను ఆటగత్తెలకి చెప్పడమే గానీ, వాళ్ళు నాకు చెప్పడం ఇదే మొదటిసారి చూడటం."

"మేడమ్," అంది పొడుగు, నవ్వు ఆపుకోలేక, "పొట్టి ఒక్క సెట్ ఆడినా నాకు చాలు. మిగతా నాలుగూ మేం లాక్కొస్తాం."

"వేళ్ళు తెరుచుకోకపోతే?"

"ముంజేతులతో లేపుతాను," అంది పొట్టి.

"ఫైనల్లోనా? ముంజేతులతో లేపితే బంతి ఎటు పోతుందో దేవుడికి కూడా తెలీదు!"

"వాళ్ళకి కూడా తెలీదు మేడమ్."

కోచ్ గిర్రున తిరిగి బయటికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "వేడినీళ్ళ సంచీ తెచ్చుకో. బెంచీ మీద చేతులు చల్లబడనివ్వకు," అని అరిచి వెళ్ళిపోయింది. పొడుగు ఒక్క గంతు వేసింది. తల పైకప్పు దీపానికి తగిలింది.

*

"నమస్కారం అండీ! ఇనప మెట్లు ఊగిపోతున్నాయి, మా బల్ల ఊగిపోతోంది, మా బాబాయ్ కూడా కొద్దిగా ఊగుతున్నారు!"

కంచు మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఆట ఎవరికీ ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వలేదు. మొదటి సెట్ ఎదుటివాళ్ళు ఎగరేసుకుపోయారు. రెండోది పొడుగు ఒంటిచేత్తో లాక్కొచ్చింది. మూడోది పోయింది. నాలుగోదాంట్లో కొత్త లిఫ్టర్ భయం వదిలించుకుని ఆడేసరికి సెట్లు సమానమయ్యాయి. ప్రతి పాయింటు మధ్యా కంచు చూపు బెంచీ వైపు వెళ్ళొస్తోంది. తువ్వాలు కింద వేడినీళ్ళ సంచీ పట్టుకుని పొట్టి కదలకుండా కూర్చుని ఉంది. చూపు మాత్రం బంతితోపాటు అటూ ఇటూ పరుగెత్తుతోంది.

చివరి సెట్. పదిహేను పాయింట్ల ఆట.

పొట్టి తువ్వాలు పక్కన పెట్టి, కోచ్ వైపు చూసి చెయ్యెత్తింది.

"వస్తోందండీ! మన లిఫ్టర్ వస్తోంది!" అని కంచు అరిచిందో లేదో, కింద ఒక మూల నుంచి కేకలు లేచాయి. ఒకడు మొదలుపెట్టాడు, పదిమంది అందుకున్నారు, ఆ తర్వాత ఒక వైపు మెట్లన్నీ అందుకున్నాయి.

"గుండె చాలదు! గుండె చాలదు!"

తన మాటే. తన గొంతులోంచి వెళ్ళి వందల గొంతులతో తిరిగొచ్చింది. కంచుకి చెవులు భగ్గుమన్నాయి. పక్కన బాబాయ్ మైకు ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

"వింటున్నారా ఆ కేకలు?" అంది కంచు రేడియోలో. "ఆ మాట నేనన్నదేనండీ. పోయిన ఆటలో ఇదే కుర్చీలో కూర్చుని అన్నాను. తెలియక అన్నాను. ఆ అమ్మాయి ఆ రోజు ఎందుకు వెళ్ళిపోయిందో నాకివాళ తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, విన్నవాళ్ళు కూడా దయచేసి వదిలేయండి. ఇక ఆట! సర్వీస్ వాళ్ళది!"

మొదటి బంతికే పొట్టి వేళ్ళు పువ్వులా తెరుచుకున్నాయి. బంతి నెట్ మీద మెత్తగా నిలబడింది, పొడుగు దాన్ని నేలకి కొట్టిన చప్పుడు అద్దంలోంచి కూడా వినిపించింది. రెండోదీ అంతే. మూడోది వెనక్కి, ఎవరూ ఊహించని అమ్మాయికి. కేకలు సగం తగ్గాయి. జట్టు ముందుకి దూసుకుపోయింది.

కోర్టు వైపులు మారాక ఆట తిరగబడింది. పొట్టి ఒక బంతి కిందికి దూరింది, చేతులెత్తింది, బంతి వేళ్ళ మధ్య తడబడి పక్కకి పడింది. అంపైరు ఈల వేశాడు. జనం "ఓ..." అన్నారు. ఆమె రెండు చేతులూ కళ్ళ ముందుకి తెచ్చుకుని చూసుకోవడం, వేళ్ళు చాపబోయి చాపలేకపోవడం ఆ స్టేడియంలో కంచు ఒక్కదానికే అర్థమైంది. ఎదుటివాళ్ళు ఒక్కొక్క పాయింటే కోసుకుంటూ వచ్చి సమం చేశారు.

కోచ్ లేచి నిలబడింది. కొత్త పిల్ల కూడా లేచింది. పొట్టి అడ్డంగా తల ఊపింది.

తర్వాత బంతి వచ్చింది. పొట్టి చేతులు పైకెత్తలేదు. రెండు పిడికిళ్ళూ దగ్గరికి చేర్చి, మోకాళ్ళ దాకా వంగి, ముంజేతులు ముందుకి చాపి బంతి కిందికి దూరింది.

"ముంజేతులు! ముంజేతులతో లేపిందండీ!" కంచు కుర్చీలోంచి లేచిపోయింది. "ఇదేం లెక్క బాబాయ్!"

"లెక్క లేదమ్మా, అందుకే వాళ్ళకి దొరకట్లేదు!" బాబాయ్ కూడా అరిచాడు. వేళ్ళతో లేపేటప్పుడు లిఫ్టర్ మణికట్లు చూసి బంతి ఎటు వెళ్తుందో ఎదుటివాళ్ళు పసిగడతారు. ఇప్పుడు చూడ్డానికి మణికట్లు లేవు. అడ్డుకోవడానికి ఎగిరేవాళ్ళు ఇటు ఎగిరితే బంతి అటు వెళ్తోంది. ఒకటి పొడుగుకి మరీ ఎత్తుగా పోయింది, అయినా అందుకుంది. ఒకటి మరీ తక్కువగా పోయింది, ఎడమచేత్తో తోసింది. అందంగా లేవు ఆ బంతులు. ఆపే నాథుడూ లేడు.

పధ్నాలుగు మనవి, పదమూడు వాళ్ళవి. ఇంకొక్క పాయింటు.

ఎదుటివాళ్ళ సర్వీస్ గుండులా వచ్చింది. వెనకున్న అమ్మాయి దొర్లి మరీ లేపింది. బంతి ఎత్తుగా, వంకరగా నెట్ వైపు వస్తోంది. పొట్టి పరుగెత్తింది. పొడుగు ఒక పక్క నుంచి చేతులూపుకుంటూ దూసుకొస్తోంది, అవతల ముగ్గురు అమ్మాయిలు గోడలా పొడుగుకి ఎదురు ఎగిరారు. పొట్టి నెట్‌కి వీపు పెట్టి ఆగింది. ముంజేతులు బంతి కిందికి వెళ్ళాయి.

"పొడుక్కే... కాదు! కాదండీ! వెనక్కి..."

బంతి పొట్టి తల మీదుగా, ఆమె చూడని వైపుకి, నెట్ అంచు ఒరుసుకుంటూ వెళ్ళి, అవతలి కోర్టులో ఎవరూ లేని మూల, గీత లోపల, టప్‌మని పడింది.

స్టేడియం కప్పు లేచిపోయింది.

కంచు ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ఎగిరిన ఊపుకి హెడ్‌ఫోన్ తీగ బిగుసుకుని, తీగతోపాటు మైకు, మైకుతోపాటు నీళ్ళ గ్లాసు వెళ్ళి బాబాయ్ ఒళ్ళో పడ్డాయి. ఆయన తడిసిన చొక్కాతోనే మైకు పట్టుకుని, "గెలిచారండీ, గెలిచారు, మా కామెంటేటర్ పరుగెడుతోందండీ!" అని మిగతాది అందుకున్నాడు.

చెప్పులు చేత్తో పట్టుకుని, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, కంచు మెట్లన్నీ దిగి కోర్టు అంచుకి చేరింది. అక్కడ జట్టంతా పొట్టిని భుజాల మీదికెత్తి గిరగిరా తిప్పుతోంది. కేకలు వేసిన మూలే ఇప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.

"మీరు ఆ అమ్మాయి అక్కగారే కదూ?"

తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి. ముఖం కంచుకి బాగా తెలుసు. జాతీయ జట్టుకి ఆటగత్తెల్ని ఎంచే సెలెక్టర్. ఆయన కళ్ళు పిల్లాడికి ఆటబొమ్మ దొరికినట్టు మెరుస్తున్నాయి.

"ఏం బుర్రండీ ఆ పిల్లది! అలాంటి బంతి నా జన్మలో చూడలేదు. శిబిరానికి పేర్లు ఇప్పుడే పంపించాలి. పదిరోజుల శిబిరం, రెండు పూటలా ఆట, పొద్దున ఆరుబయట పరుగు. ఏదో జబ్బుందని కోచ్ అంది. తేలికదేనటగా? పిల్లని అడిగితే ఎలాగూ ఊఁ అంటుంది. మీకు ఇంతకంటే పెద్దదే ఉందని, అయినా పులిలా పని చేస్తారని విన్నాను. మీకంటే ఎవరికి తెలుస్తుంది? చెప్పండి. పంపొచ్చా?"

ఊఁ అంటే ఆ వేళ్ళు ఏమవుతాయో కంచుకి తెలుసు. ఉహుఁ అంటే చెల్లెలి జీవితంలో ఈ తలుపు మళ్ళీ తెరుచుకోదని కూడా తెలుసు. రెండు మాటలూ నాలుక కొసన నిలబడి ఉన్నాయి. రెండూ చెల్లెలివే గానీ తనవి కావు.

"నాకేం తెలియదండీ," అంది కంచు. "తెలుసనుకుని ఇప్పటికే చాలా చెప్పాను. దానినే అడగండి. తేలికో, కాదో, అది చెప్పింది నమ్మండి."

సెలెక్టర్ వెనక్కి తిరిగాడు. భుజాల మీంచి దిగిన పొట్టి అప్పటికే అక్కడ నిలబడి ఉంది. మెడలో పతకం. చెమటతో నుదుటికంటుకున్న జుట్టు. బుగ్గల మీద ఎర్రగా పొడుచుకొస్తున్న పొక్కులు. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"విన్నావుగా అమ్మాయ్. వస్తావా?"

పొట్టి అక్క వైపు ఒక్కసారి చూసింది. చిన్నప్పుడు ఎత్తైన గోడ మీంచి దూకేముందు చూసినట్టే.

"వస్తాను సార్."

"అదీ మాట!" సెలెక్టర్ ముఖం విప్పారింది. "ఏదీ, చెయ్యి కలుపు!"

ఆయన తన పెద్ద అరచెయ్యి ముందుకి చాచాడు. జనం హోరు మధ్య ఆ చెయ్యి గాల్లో అలాగే ఎదురుచూస్తోంది. పొట్టి కుడిచెయ్యి వీపు వెనకనుంచి కొంచెం కదిలింది, ఆగింది. కంచు ఆ చేతివైపే చూస్తూ, ఒక్క అడుగు ముందుకి వేసింది.